అర్థం చెప్పండి, అమ్మగారూ

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పిపోతాయి, ఒక్క పేజీ రాయడానికి పూట పడుతుంది. ‘నేను’ అని రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. అందుకని నా సంగతే మంగ సంగతిలా రాస్తున్నాను.

మంగ తన యజమానురాలు ఆండాళ్ళమ్మ గడ్డం పైకెత్తి, కుడికంట్లో మందు చుక్క వేసి, చెంప మీదికి జారిన నీటిని దూదితో అద్దింది. ఆండాళ్ళమ్మ చూపుకు నడిమధ్య నల్లటి మచ్చ పడింది. అంచులే కనిపిస్తాయి. మంగ చీర కుచ్చిళ్ళు తెలుస్తాయి, ముఖం తెలియదు. కింద ట్రామ్ వెళ్తే మ్యూనిక్‌లోని ఆ మూడో అంతస్తు కిటికీ అద్దాలు సన్నగా వణికాయి.

“కాఫీ అయింది కదా, ఇక చదవ్వే. నిన్న ఎక్కడ ఆపాం?”

“ఊరిచుట్టూ గోడ కట్టారండి. నిఘా పెట్టారు.”

అట్ట ఊడిపోయిన ఆ నవల తెలుగు బడిలో పాత పుస్తకాల పెట్టెలో దొరికింది. ఆండాళ్ళమ్మ మనవరాలు రీతును శనివారాలు ఆ బడికి తీసుకెళ్ళింది మంగే. పిల్ల పక్కన చిన్న కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. రీతు జర్మన్‌లో గోల చేసి మానేసింది. మంగ మానలేదు.

అంతకుముందెప్పుడో, ఆండాళ్ళమ్మ భర్త డాక్టరుగారి అలమర తుడుస్తూ మంగ ఓ పుస్తకం తెరిచి చూస్తుంటే, ఆండాళ్ళమ్మ అతిథులను కేకేసి పిలిచింది. “మా మంగ చదువు చూడండి, పుస్తకం తలకిందులుగా పట్టుకుంది!” అందరూ నవ్వారు.

నవలలో రాబోయే కాలపు నగరం ఒకటుంది. అక్కడి ఏలిక పనివాళ్ళ కాగితాలన్నీ తన దగ్గరే ఉంచుకుంటాడు. మంగ పాస్‌పోర్టూ చాలాకాలం డాక్టరుగారి బీరువాలోనే ఉండేది. తెలియని మాట వచ్చినప్పుడల్లా మంగ ఆగి అర్థం అడిగేది. బడి పంతులమ్మను అడిగితే చెబుతుంది. కానీ ఆ అర్థాలు ఈవిడ నోటినుంచే రావాలి. ఒక మాట దగ్గర, తాను చేసింది ఇదేనని ఈవిడ ఒప్పుకోవాలి. మంగ రోజూ చదివేది అందుకే.

‘నిర్బంధం’ వచ్చిన రోజు ఆండాళ్ళమ్మ విసుక్కుంది. “కదలనివ్వకుండా ఉంచడం. వంటింట్లో ఉండేదానివి, ఇంతింత మాటలు ఏం చేసుకుంటావే?”

“పోపులో వేస్తానండి.”

ఈవేళ మంగ వేలిని అక్షరాల కింద జరుపుతూ చదివింది. “కోతలు ముగిసేవరకు... చావుకబుర్ల గోపనం... జరగాలని ఏలిక ఆజ్ఞ.” ఆగింది. “గోపనం అంటే ఏంటమ్మగారూ?”

“దాచడం.”

“చావుకబురు దాచడం ఎందుకండీ?”

“తెలిస్తే ఏడుస్తూ కూర్చుంటారు. పని ఆగిపోదూ?” అనేసి, ఆండాళ్ళమ్మ కొంగు చివర వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

డాక్టరుగారి షష్టిపూర్తినాడు తెల్లవారుతూనే రేపల్లె నుంచి ఫోను వచ్చింది, మంగ భర్త కనకయ్య పోయాడని. ఎత్తింది ఆండాళ్ళమ్మ. ఆ రోజంతా మంగ పొయ్యి ముందు నిలబడి గారెలు వేసింది. మధ్యాహ్నం ముత్తైదువలకు బొట్టు పెడుతూ ఆండాళ్ళమ్మ మంగ నుదుటా కుంకుమ పెట్టింది. తెలిసే పెట్టింది. కబురు చెప్పింది మర్నాడు, గిన్నెలన్నీ తోమించాక.

“చెబితే మాత్రం ఏం చేసేదానివే?” అంది ఇప్పుడు ఆండాళ్ళమ్మ, వేలికి చుట్టుకున్న కొంగు విప్పుతూ. “విమానమెక్కినా అందేదానివా? ఇంటినిండా జనం!”

“ఏడ్చేదాన్నండి. గారెలు వెయ్యకుండా ఏడ్చేదాన్ని.”

“ఇన్నేళ్ళు తిండి పెట్టినదాన్ని, ఇప్పుడు నాచేత తప్పయిందనిపిస్తావా? చాల్లే, చదువు. చివరికి ఆ ఏలిక ఏమవుతాడో చూద్దాం.”

మంగ చివరి అధ్యాయం ఎప్పుడో చదివేసింది. పుస్తకం మూసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

“అది గోపనమండీ.”

తలుపు గంట మోగింది. జర్మన్ నర్సు లోపలికి వచ్చి బూట్లు విప్పుకుంటోంది. మంగ పని మానేస్తున్నట్టు, ఇప్పుడు వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉండే ఆండాళ్ళమ్మ కొడుకు మధుసూదన్‌కు ముందే చెప్పింది. “అమ్మకి ఇప్పుడే చెప్పకు మంగా, గొడవ చేస్తుంది. తర్వాత నేను చెబుతాలే,” అన్నాడతను. ఆ ఇంటి పిల్లవాడే మరి. తెలుగు మాట్లాడతాడు గాని అతనికీ చదవడం రాదు.

మంగ అన్నం గిన్నె మీద మూత సరిచేసింది. కోటు తొడుక్కుని, తలుపు వెనక ఉంచిన సంచీ అందుకుంది.

“ఎక్కడికే?”

“వెళ్తున్నానమ్మగారూ.”

ఆ ఇంట్లో ఏనాడూ ‘వెళ్ళొస్తాను’ అనకుండా ఆమె గడప దాటలేదు. ఆండాళ్ళమ్మ మెడ అటువైపు తిరిగింది. “వెళ్తున్నానేమిటే, అపశకునం! వెళ్ళొస్తాననూ!”

మంగ అనలేదు. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. ఆండాళ్ళమ్మ చివరి పేజీలు తడిమి తెరిచి, ముఖానికి ఆనించుకుని, కంటి అంచుకైనా ఒక అక్షరం చిక్కుతుందేమోనని తల అటూ ఇటూ తిప్పుతోంది. ఆవిడ చేతుల్లో పుస్తకం తలకిందులుగా ఉంది.

మంగ, అరవై రెండేళ్ళు. ఇప్పుడు ఉండేది డ్రెస్డెన్‌లో, మన తెలుగు పిల్లలు నడుపుకునే మెస్సు వెనక గదిలో.