ఏడుపుకళ్ల గున్నమ్మ

పెనం మీద నీళ్లు చిలకరించి, పొట్టి చీపురుతో ఊడ్చి, గున్నమ్మ గరిటెడు పిండి పోసి తిప్పింది. ఆవిరి ముఖానికి కొట్టగానే పమిట చెంగు దానంతటదే కళ్ల దగ్గరికి వెళ్లింది. తుడవడానికి అక్కడ నీళ్లు లేవు. వారం రోజులుగా ఇదే వరస. చెయ్యి లేస్తుంది, కళ్లు బాగానే ఉంటాయి, చెయ్యి ఏం చేయాలో తోచక కిందికి దిగుతుంది. పొయ్యి వేడికి ముఖం పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. దోసెలు వేసే మనిషి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో చెప్పలేదు.

నర్సీపట్నం బస్టాండు ఎదుట ఉన్న ఆ టిఫిను హోటల్లో ఆమె పెళ్లయిన కొత్తలో చేరింది. అప్పుడు పెనం వీధివైపే ఉండేది. ఏడాది తిరక్కుండానే కళ్లు ఎర్రబడడం మొదలైంది. తెల్లారేసరికి రెప్పలకు పుసి కట్టేది. ఒక కంటికురుపు మానేలోపు ఇంకొకటి లేచేది. లోపల ఇసుక పోసినట్టు గరగర, బయటికి ఎడతెగని నీళ్లు. బుగ్గలు కమిలినట్టుండేవి. చూసి చూసి యజమాని వరహాలు పెనాన్ని వెనకగదిలోకి మార్పించాడు.

"నిన్నేటీ అనట్లేదు గున్నమ్మా. నువ్వేడుస్తా దోసెలేస్తంటే తినీవోలకి ముద్ద దిగట్లేదు."

తాను ఏడవడం లేదని చెప్పాలనుకుంది. చెంపల మీద నీళ్లు కారుతుండగా ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, పిండిగిన్నె ఎత్తుకుని వెనకగదిలోకి నడిచింది.

ఇంట్లో అత్త అప్పయ్యమ్మ పెట్టిన పేరు 'ఏడుపుకళ్లది'. భర్త సోములు లారీ మీద వెళ్లి, జ్వరంతో తిరిగొచ్చి, మూడోనాటికి పోయాడు. ఏడాది గడిచినా వీధిలో వాళ్లు ఆమెను చూసి, ఇంకా మొగుడి కోసమే ఏడుస్తోందని జాలిపడేవారు. అతను పోయిన రోజున తాను నిజంగా ఏడ్చిందో, ఎప్పటి నీళ్లే కారాయో గున్నమ్మకే తెలియదు. ఒకరిని అడిగి తెలుసుకునే సంగతీ కాదు.

కిందటేడు కళ్ల క్యాంపుకు వచ్చిన డాక్టరు ఆమెను విశాఖపట్నంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లమన్నాడు. కళ్లకు చర్మం డాక్టరేమిటో గున్నమ్మకు అంతుపట్టలేదు. ఆవిడ మాటలు అంతకన్నా అంతుపట్టలేదు.

"నీ కళ్లు ఎండిపోయాయమ్మా."

"ఎండిపోడమేటండీ? ఇలా ఏరులా కారతంటే?"

రెప్పల అంచున నూనె ఊరే గ్రంథులు పూడుకుపోయాయనీ, ఆ నూనె లేక కన్నీరు నిలవకుండా ఆరిపోతోందనీ, ఆ మంటకే కన్ను మరిన్ని నీళ్లు వదులుతోందనీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. జబ్బు పేరు రొజేషియా. బుగ్గల్లో ఉన్నదీ కళ్లలో ఉన్నదీ ఒకటేనట. నల్లని ఒంటి మీద ఎరుపు పైకి తేలదు గనక ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదట. మాత్రలు వాడాలి, కళ్లలో చుక్కల మందు వేసుకోవాలి, రెప్పలకు గోరువెచ్చని కాపడం పెట్టాలి, ఎండలో తిరక్కూడదు. ఆపైన వెలుగుతో వైద్యం చేస్తానంది.

"ఎండా ఎలుగే కదండీ," అంది గున్నమ్మ.

"అది వేరమ్మా, ఇది వేరు," అని డాక్టరమ్మ నవ్వి, ఆమె కళ్ల మీద గట్టి మూతలు పెట్టింది. జబ్బు కళ్లను మూసేసి, బుగ్గల మీద చల్లటి జెల్లు రాసి, అక్కడ మెషీను ఆనించింది. మూతల చాటున ఒక్క మెరుపు. రబ్బరుబ్యాండు సాగదీసి వదిలినట్టు చురుక్కుమంది. చర్మం కాలకుండా తక్కువ మోతాదే పెడుతున్నానంది. పూర్తిగా పోయే జబ్బు కాదనీ, మళ్లీ రావచ్చనీ కూడా చెప్పింది. నెలకోసారి అలా వెళ్లగా వెళ్లగా నీళ్లు ఆగాయి.

ఆ ఉదయం వరహాలు వెనకగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రేపట్నుంచి పెనం ముందుకి తెచ్చెద్దామేటి?"

సంతోషించాలో, ఇన్నేళ్లూ చీకట్లో నిలబెట్టినందుకు కోప్పడాలో ఆమెకు తేలలేదు. "మీ ఇష్టమండి," అని దోసె తిరగేసింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి అప్పయ్యమ్మ అరుగు మీద గోడకు చేరగిలబడి ఉంది. శుక్లాలు ముదిరి ఆమెకు చూపు ఆనదు. ఆపరేషనంటే ఒప్పుకోదు.

"వచ్చినావేటే, ఏడుపుకళ్లదానా?"

"ఇప్పుడు నీళ్లు కారట్లేదత్తా."

"ఇలగ రా."

గున్నమ్మ కిందికి వంగింది. ముసలిచేతి వేళ్లు తడుముకుంటూ వచ్చి నుదురు దాటి రెప్పల మీద ఆగాయి. కంటి కొనలు ఒత్తి చూశాయి. ఆ చెయ్యి అలా తన ముఖాన్ని తాకడం గున్నమ్మ ఎరగదు.

"తడి లేదేటే," అంది అప్పయ్యమ్మ, వస్తువేదో పోయినట్టు. "మరిప్పుడు నిన్నేటని పిలవాలే?"

"గున్నమ్మ అనే పిలు."

"గున్నమ్మ," అని ఒకసారి అని చూసుకుంది. "ఎల్లు, బేగి కూడు తిను."

గున్నమ్మ లోపల కంచం ముందు కూర్చుంది. అరుగు మీద అత్త చిన్నరోట్లో తమలపాకు దంచుతున్న చప్పుడు వినబడుతోంది. అన్నం కలుపుతుండగా అది ఆగింది. మళ్లీ మొదలవుతుందని కొంతసేపు చూసి, ఎంగిలిచేత్తోనే బయటికి వచ్చింది. అప్పయ్యమ్మ తల పక్కకు వాలి ఉంది. పిలిస్తే పలకలేదు.

పక్కింటి లోవమ్మ ముందుగా వచ్చింది. వెనకాలే వీధంతా వచ్చింది. పొద్దువాలేలోగా పాడె కట్టి తీసుకుపోయారు. మగవాళ్లు వీధి మలుపు తిరిగాక, లోవమ్మ గున్నమ్మ గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పింది.

"అయ్యో, కళ్లు మళ్లీ మొదలైపోనాయేటే? సుక్కల మందు ఎక్కడుందో సెప్పు, ఎయ్యనా?"

గున్నమ్మ చెంగుతో తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్లీ తడిసింది. మంట లేదు, గరగర లేదు.

"ఏటో, నాకూ తెలీట్లేదు లోవమ్మా," అంది.

అరుగు మీద చిన్న ఇత్తడి రోలు, అందులో సగం నలిగిన తమలపాకు, రోలు అంచుకు వాల్చిన రోకలి అలాగే ఉన్నాయి.