గుడి ఎక్కడుండేది?

గురువారం ఊరి సమావేశంలో ప్రవల్లిక మ్యాపు విప్పి చదివింది. చదివాక ఊరంతా ఆమె నాయనమ్మను చూసి నవ్వింది.

అది 2003 ఫిబ్రవరి. బారువకు దక్షిణంగా తీరం మీదున్న దిబ్బలపేటలో నలభై చేపలవేట కుటుంబాలకు పక్కా ఇళ్లు మంజూరయ్యాయి. స్థలం ఊరికి దక్షిణాన ఉన్న ఇసుక దిబ్బ. ఇళ్ల హద్దులకు కొయ్యలు కూడా పాతేశారు. సోమవారం ఊరిపెద్ద తిరుమలరావు ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టాలి. అడ్డం చెప్పింది ఒక్క ప్రవల్లిక నాయనమ్మ బొడ్డమ్మే. ఆమెకు ఎనభై ఏళ్లు.

"ఆ దిబ్బ మీద ఇల్లొద్దురా. ముందల ఊరక్కడే ఉండీది. నా పెళ్లయిన ఏడు పెద్ద గాలొచ్చి సముద్రం ఊరిని ముంచీసినాది. అమ్మోరి రాయి నానే నెత్తినెట్టుకొని ఇక్కడికి తెచ్చినాను."

తిరుమలరావు ప్రవల్లిక వైపు తిరిగాడు. టెక్కలిలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్న పిల్ల. ఊళ్లో అంత చదివినవాళ్లు లేరు.

"నీ సదువేటంటాదమ్మా?"

ఆమె సంచిలో పాత సర్వే మ్యాపు నకలు ఉంది. సొంత ఊరి పేరు కనబడిందని కాలేజీ పని మీద సర్వే ఆఫీసుకు వెళ్లినప్పుడు తీయించుకుంది. 1931 నాటిది. అందులో ఊరు ఇప్పుడున్న చోటే ఉంది. పెద్దకొడుకు పుట్టిన ఏడాదిని బట్టి లెక్క కడితే బొడ్డమ్మ పెళ్లి 1938 ప్రాంతంలో జరిగింది. ప్రవల్లిక ఉన్నదున్నట్టు చెప్పింది.

"అయితే మామ్మ పెళ్లికి ఏడేళ్ల ముందే ఊరు ఇక్కడికి నడిసొచ్చేసినాదన్నమాట," అన్నాడు ఎవరో వెనక నుంచి. "మామ్మ కోసం ఎదురు సూడనేదు."

బొడ్డమ్మ నవ్వలేదు. లేచి చీర దులుపుకుంది. "నా మనవరాలే నన్ను అబద్ధాలకోరుని సేసినాది," అని ఇంటికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ప్రవల్లిక వడ్డించిన కూడు ముట్టలేదు.

శుక్రవారం ప్రవల్లిక టెక్కలి వెళ్లి, తనకు చరిత్ర చెప్పే జగదీశ్వరరావు మాస్టారికి జరిగింది చెప్పింది. ఆయన మ్యాపు బల్ల మీద పరిచి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఈ మ్యాపు ఏం చెబుతోంది?"

"ఊరు ఇక్కడే ఉందని, సార్."

"ఎప్పుడు?"

"1931లో."

"1930లో?"

ప్రవల్లిక మ్యాపు మూలనున్న ఏడాదిని మళ్లీ చూసింది.

"అది చెప్పని మాట నువ్వు దాని చేత చెప్పించావు," అన్నాడాయన. "నేను చదువుకునే రోజుల్లో చరిత్రంటే రాజుల వరస. ఎవరి తర్వాత ఎవరు, ఎక్కడ యుద్ధం. అంతే రాసి పాసయ్యాం. తర్వాతి వాళ్లు శిస్తులు, పంటలు, కరువులు పట్టుకున్నారు. ఇప్పుడు కాగితం మీదకెక్కని మనుషుల మాటలూ వింటున్నాం. వినడం తేలిక. కాగితాన్నయినా ముసలమ్మనయినా ఎదురు ప్రశ్న వేసి అడగాలి. నువ్వు ఇద్దరినీ అడగలేదు."

"సోమవారమే సంతకం సార్."

"ఇక్కడ కూర్చున్నావేం మరి?"

శనివారం పొద్దున్న బొడ్డమ్మ గుమ్మంలో ఎండుచేపలు ఏరుతోంది. ప్రవల్లిక పక్కన కూర్చుని తనూ ఏరింది. గంప సగం నిండాక అడిగింది.

"మామ్మా, రాయి ఎక్కడ్నుంచి ఎత్తినావు?"

"ఎందుకూ, మల్లీ నవ్వించడానికా?"

"నవ్వితే నన్నే సూసి నవ్వమను. సెప్పు."

"దిబ్బ మీంచి. మీయమ్మ కూడా మోసినాది కదే. కొత్త కోడలన్నాక మొయ్యదేటి?"

ప్రవల్లిక చేతులు ఆగిపోయాయి. ఆ ఊళ్లో పెళ్లయిన మర్నాడు కొత్త కోడలు గుళ్లోని అమ్మవారి రాయిని నెత్తిన పెట్టుకుంటుంది. దక్షిణపు దిబ్బ దాకా వెళ్లి, అక్కణ్నుంచి తడిబట్టలతో ఊళ్లోకి నడిచొస్తుంది. వెనక ఆడవాళ్లు పరుగెత్తినట్టు నడుస్తారు. తల్లి మోయడం ఫొటోలో చూసింది. ఎందుకు తడిబట్టలు, ఎందుకు పరుగు, ఎందుకు దక్షిణం అని ఆమె ఎన్నడూ అడగలేదు.

"నీ పెళ్లప్పుడు గాలొచ్చిందా మామ్మా?"

"ఆ ఏడే. కప్పులెగిరిపోనాయి."

"సముద్రం ఇళ్లలోకి వచ్చిందా? నువ్వు సూసినావా?"

బొడ్డమ్మ చేప ఒకటి తిప్పి తిప్పి చూసింది. "మా అత్త సెప్పీది," అంది. "రోజూ సెప్పీది. నాను సూసినట్టే ఉంటాది."

అత్త చూసిన గాలి, తను చూసిన గాలి మామ్మ తలలో ఒకటైపోయాయి. ఏడాది తప్పు. ఊరు కదలడం తప్పని దాంతో తేలదు. కానీ నిజమని కూడా తేలదు. మోసిన రాయి ఊరిపెద్దకు రుజువు కాదు.

సాయంత్రం చిన్నాన్న పోలారావు వల బాగు చేస్తుంటే ఈ మాటే చెప్పింది. ఒడ్డున కనిపించే రెండు గుర్తులు ఒకదాని కింద ఒకటి పడేలా చూసుకుని సముద్రంలో చోటు పట్టడం వేటగాళ్ల పద్ధతి. దాన్ని గురి అంటారు.

"నీటి కింద నల్లబండున్నాది కదా, దానికి తాతలు సెప్పిన గురి ఒకటున్నాది," అన్నాడు పోలారావు. "మహేంద్రగిరి కొండ మెడ కింద అమ్మోరి గుడి పడితే బండ మీదున్నట్టే అనీవోరు. ఆ గురి తప్పు. అలగ పెడితే బండ తగల్దు. మేం సీసం గుండు దింపి ఎతుక్కుంటాం."

"బండ కదల్దు. కొండ కదల్దు."

"కదల్దు."

"గుడి కదిలితే?"

పోలారావు సూది ఆపాడు. "ఓలమ్మ," అన్నాడు. "రేపు తెల్లారి రా. తెప్ప మీదకి కాదులే, ఆడోళ్లని ఎక్కించరు. ఒడ్డునుండు."

ఆదివారం గాలి లేదు, కొండ తేటగా కనబడింది. పోలారావు తోడు ఒకణ్ని తీసుకుని తెప్ప తోశాడు. ప్రవల్లిక వెదురుగడకు నాయనమ్మ ఎర్రచీర కట్టి గుడి దగ్గర నిలబడింది. పోలారావు గుండు దింపి బండ పట్టుకుని, తెల్లగుడ్డ కట్టిన తెడ్డును దక్షిణానికి వాల్చాడు. ఆమె దక్షిణానికి నడిచింది. తెడ్డు లేవలేదు. ఇంకా నడిచింది. ఆరువందల పన్నెండు అంగలు వేశాక, ఎర్రచీర కొండ మెడ కింద పడిందన్నట్టు తెడ్డు నిటారుగా నిలబడింది. ఆమె ఉన్నది దిబ్బ మీద, కొత్త ఇళ్లకు పాతిన కొయ్యల మధ్యన.

మధ్యాహ్నం ఆమె, పోలారావు అక్కడ తవ్వారు. నాలుగడుగుల ఇసుక. దాని కింద జానెడు మందాన ఆల్చిప్పలు. తిని పారేసినవి కావు, రెండు చిప్పలూ మూసుకునే ఉన్నాయి, బతికుండగానే సముద్రం తెచ్చి పోసినట్టు. వాటి కింద మూడు పొయ్యిరాళ్లు, బొగ్గు, వలకు కట్టే మట్టి గుండ్లు ఐదు.

పోలారావు ఒక ఆల్చిప్పను అరచేతిలో పెట్టుకుని సముద్రాన్ని చూశాడు. "పొయ్యి మీదకి వచ్చీసినాది," అన్నాడు.

సోమవారం సమావేశంలో ప్రవల్లిక ముందు తన తప్పు చెప్పింది. మ్యాపు 1931 సంగతి మాత్రమే చెబుతుందని, అంతకు ముందుది తానే కల్పించానని చెప్పింది. తర్వాత పొయ్యిరాయి, ఆల్చిప్పలు, మట్టి గుండ్లు చాప మీద పెట్టి, ఏది ఏ లోతులో దొరికిందో రాసుకున్నది చదివింది.

"ఏ ఏడు ములిగినాదమ్మా?" అడిగాడు తిరుమలరావు.

"తెలీదు. 1931కి ముందు."

"ఎంతమంది పోనారు?"

"తెలీదు."

"మల్లీ వస్తాదంటావా?"

"అదీ తెలీదు తాతా. ఒకసారి వచ్చినాదని తెలుసు."

"నీకు తెలీందే ఎక్కువున్నాది."

"అవును. తెలిసింది ఈ చాప మీదున్నాది. సూసి సంతకం పెట్టు."

"స్థలం మారిస్తే ఇంకో వానాకాలం గుడిసెల్లోనే," అన్నాడు ఒకడు. అది నిజమే కాబట్టి ఎవరూ కసురుకోలేదు.

"నా పెళ్లి ఏడే," అంది బొడ్డమ్మ మూల నుంచి.

"కాదు మామ్మా," అంది ప్రవల్లిక. "మీ అత్త కాలం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తిరుమలరావు చాప దగ్గర కూర్చుని మూసుకున్న ఆల్చిప్ప ఒకటి గోటితో తెరిచాడు. లోపల ఇసుక ఉంది. కాగితం తీసి దిబ్బ సర్వే నంబరు కొట్టేశాడు. పడమట జీడితోటల పక్కనున్న మెరక భూమి నంబరు పోలారావును అడిగి, పైన రాశాడు.

"పలాస ఆఫీసోళ్లు ఎందుకని అడుగుతారు," అన్నాడు ప్రవల్లికతో. "నువ్వు కూడా రా."

"పలాస బస్సు పదింటికి," అంది ఆమె, ఆల్చిప్పలను సంచిలోకి ఎత్తుతూ.