మూడు పేటలు, ఒకే మర

వింత్సాస్ మంటల్లో కాలి చనిపోయిన రోజున గని కంపెనీ ఫైరింజను అతని ఇంటి ఎదురుగానే ఉంది. ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను. తర్వాత జరిగింది విని "ఇంత పగ దేనికి?" అనేవాళ్ళు ఈ మాట దగ్గరికి తిరిగి రావాలి.

అది సోమవారం, బట్టలుతుక్కునే రోజు. కంపెనీ గనివాళ్ళకు కట్టించిన పేటల్లో లిథువేనియన్లది మూడో నంబరు. అక్కడ తీగల నిండా గని చొక్కాలు ఆరుతున్నాయి. బార్బోరా పెరట్లో దుప్పటి ఆరేస్తోంది. ఆమె భర్త వింత్సాస్ మేడగదిలో మంచాన ఉన్నాడు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, ఇద్దరు పట్టుకుంటే తప్ప మెట్లు దిగలేని స్థితి. పొయ్యి గొట్టంలోంచి ఎగిరిన నిప్పు కప్పు చెక్కలకు అంటుకుంది. బార్బోరా తల తిప్పేసరికి మెట్లే మండుతున్నాయి.

నేను పేట బడిలో మాస్టర్ని. పిల్లల్ని వదిలేసి పరిగెత్తాను. అప్పటికే వీధి జనంతో నిండిపోయింది. వీధికి అవతల కంపెనీ కంచె. కంచె లోపల గనికి దన్నుగా పెట్టే దుంగల అడితి. ఆ అడితి పక్కన ఎర్రగా మెరుస్తూ ఫైరింజను. దాని గొట్టం పట్టుకున్న గెతిన్ అనేవాడు దుంగల్ని తడుపుతున్నాడు. గాలి అటు వీస్తోందని, నిప్పురవ్వ పడుతుందేమోనని.

"గెతిన్! ఇటు తిప్పరా! మనిషున్నాడు లోపల!" అని అందరం అరిచాం.

"ఆర్డరు లేదు," అన్నాడు గెతిన్. ముఖం తిప్పుకునే అన్నాడు. "అడితి తడపమన్నారు. గని మేనేజరు ప్రాథరో దొరగారు చెప్తేనే ఇటు తిప్పాలి."

"దొరగారెక్కడ?"

"భోజనం చేస్తున్నారు."

ఈలోగా నాలుగో నంబరు పేట స్లోవాకులు తమ గొట్టం బండిని చేతులతో లాక్కుంటూ కొండ దిగి వచ్చారు. ముందు హుదాక్ ఉన్నాడు, ఎద్దులాంటి మనిషి. వీధి చివర కంపెనీ నీళ్ళ స్తంభానికి గొట్టం ఇత్తడి మూతి పెట్టి తిప్పాడు. మర ఎక్కలేదు. కంపెనీ తన స్తంభాలకు తన గొట్టాలు మాత్రమే పట్టే మర వేయించుకుంది. హుదాక్ చొక్కా చింపి చుట్టాడు. నీళ్ళు నాలుగు దిక్కులకీ చిమ్మాయి గానీ గొట్టంలోకి పోలేదు. ఆరో నంబరు ఐరిష్‌వాళ్ళు మల్‌హెర్న్ వెంట తమ బండి తెచ్చారు. వాళ్ళదీ పట్టలేదు, మా మూడో నంబరు గొట్టమూ పట్టలేదు. పోనీ మూడు గొట్టాలూ కలిపి ఏటి దాకా వేద్దామంటే, ఒకదాని మూతి ఇంకొకదానికి ఎక్కలేదు.

కప్పు కూలింది.

ఆ తర్వాత చాలాసేపటి వరకూ దుంగల మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎవరో ముసలమ్మ, ఐరిష్ ఆవిడే, తీగ మీది తడి దుప్పటి తీసి బార్బోరాకు కప్పింది. ఆవిడకు తన ఐరిష్ తప్ప ఇంకో భాష రాదు, బార్బోరాకు ఐరిష్ రాదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. నేను ఇంటికెళ్ళి పెట్టెలోంచి నా భార్య కోటు తెచ్చి ఇచ్చాను. తను పోయాక ఆ పెట్టె తెరవడం అదే మొదలు.

సమాధి దగ్గరికి ప్రాథరో దొర పూలదండ పట్టుకుని వచ్చాడు. "ఇంటికి బీమా ఉందమ్మా, కొత్తది కట్టిస్తాం," అన్నాడు. బార్బోరా దండ అందుకుని, అతని బూట్ల మీద వేసింది.

*

ఆదివారం పూజ అయ్యాక మూడు పేటలవాళ్ళూ లిథువేనియన్ చర్చి నేలమాళిగలో కూర్చున్నారు. మనకంటూ ఒక ఫైరింజను కొనాలన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎలాంటిదన్న దగ్గరే తగువు మొదలైంది.

"నిచ్చెన బండే కొనాలి," అన్నాడు మల్‌హెర్న్. "దాని ముందు భాగాన నికెలు గంట ఉండాలి. పరేడులో వెళ్తుంటే పక్క లోయవాళ్ళు కుళ్ళిపోవాలి."

"మంటలార్పడానికా, ఊరేగడానికా?" అన్నాడు హుదాక్. "గంటే కావాలంటే మీ మేక మెడకు కట్టుకోండి."

"నువ్వు మాట్లాడకు. మా గొట్టం అరువు పట్టుకెళ్ళి ముల్లంగి మడికి నీళ్ళు పెట్టుకున్న ఘనుడివి!"

"ఒక్కసారి! ఒకే ఒక్కసారి!"

"తిరిగిచ్చావా?"

"అందుకే కదరా మీరు మర మార్పించుకున్నారు! మేము ముట్టుకోకూడదని!"

నిజం అదే. ఒకప్పుడు మూడు పేటల గొట్టాలకూ ఒకటే మర ఉండేది. ముల్లంగి గొడవ తర్వాత ఆరో నంబరు తన మూతులు మార్పించుకుంది. మీరే మార్చగలరా అని నాలుగో నంబరూ మార్పించింది. ఎవరి గొట్టం వారిది, ఎవరి పరువు వారిది.

బార్బోరా ఇంతసేపూ వెనక బల్ల మీద కూర్చుంది, నా భార్య కోటులోనే. లేచి గోడవారకు వెళ్ళి మూడు పేటల గొట్టాల కొసలూ ఈడ్చుకొచ్చి బల్ల మీద పెట్టింది. మొదటిదాన్ని రెండోదానికి తిప్పింది. పట్టలేదు. రెండోదాన్ని మూడోదానికి తిప్పింది. ఇత్తడి మీద ఇత్తడి గీరుకున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మల్‌హెర్న్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"కంపెనీ మనకి ఒక్క మరే అడ్డం పెట్టింది," అంది. "మిగతావి మనమే పెట్టుకున్నాం. నా మొగుడు అరుస్తుంటే విన్నాను నేను. మీ బళ్ళు రెండూ గుమ్మం ముందే ఉన్నాయి."

 హుదాక్ తమ పేట గొట్టం మూతిని చేతిలోకి తీసుకున్నాడు. "తప్పే తల్లీ. ఒకే మర వేద్దాం. ఎవరి మర వేద్దాం మరి?"

"మాదే," అని నోరు జారి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే మల్‌హెర్న్ ఆగిపోయాడు.

"కంపెనీది," అంది బార్బోరా. "స్తంభాలు వాళ్ళవి. నీళ్ళు మన ఏటివి."

నవ్వు పుట్టింది, మంచి నవ్వు కాదు అది. బల్లలు గుద్దారు. ఆమె ఇంకా కూర్చోలేదు.

"వాళ్ళు స్తంభాలకి తాళాలేస్తారు. అందుకని నిచ్చెన బండి వద్దు, గంట వద్దు. ఏట్లోకి గొట్టం దించితే ఎవరి సెలవూ లేకుండా నీళ్ళు పీల్చే పంపు బండి కావాలి. మూడు పేటలకీ ఒకటే బండి. వారానికో పేటలో ఉంటుంది. దాన్ని ఎక్కడికి పంపాలో మన మూడు పేటలూ చేతులెత్తి చెప్పాలి. ఇంకొకటుంది. గొట్టం మూతి నేను పట్టుకుంటాను."

"ఆడదానివి..." అని ఎవరో అన్నారు.

"పట్టుకుని చూడు, లాక్కోగలవేమో."

*

మర్నాటి నుంచి కంపెనీ వర్కుషాపులో లోహం కోసే కంపెనీ లేతు మీదే కంపెనీ మర కోయడం మొదలైంది. ఫోర్‌మన్ అటు తిరిగితే లేతు తిరిగేది. ఇత్తడి మూతులు రొట్టె డబ్బాల్లో లోపలికి వెళ్ళేవి, అవే డబ్బాల్లో బయటికి వచ్చేవి. వేసవంతా మూడు చర్చిల పిక్నిక్కుల్లోనూ ఆడవాళ్ళు బంగాళాదుంప అట్లు వేసి అమ్మారు. ఐరిష్‌వాళ్ళు స్లోవాకుల అట్లు తిన్నారు. వంక పెట్టి మరీ రెండోసారి అడిగి తిన్నారు. కింది లోయలో పాలవాళ్ళ ఊరొకటుంది. ఆ ఊరి మంటలార్పే దళం కొత్త బండి తీసుకుని పాత పంపు బండిని మాకు అమ్మింది. తలుపు మీద ఏ సెయింటు పేరు రాయాలో మళ్ళీ కొట్టుకోబోయి, చివరికి "మూడు, నాలుగు, ఆరు" అని రాసి ఊరుకున్నారు.

ఒక్క లోటు మిగిలింది. మా ప్రాంతంలో కొత్త బండికి గృహప్రవేశం చేయాలి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ బళ్ళతో వచ్చి కొత్తదాన్ని నీళ్ళతో తడుపుతారు. తర్వాత ఇంజను వేయకుండా అందరూ చేతులతో తోసి దాన్ని ఇంట్లోకి పంపాలి. మా బండికి ఇల్లేదీ? పేటల్లో నేలంతా కంపెనీదే. దొర మేకు కూడా కొట్టనివ్వలేదు. బండి టార్పాలిన్ కింద వానకు తడిసేది.

"కాపురానికొచ్చి వీధిలో నిలబడ్డ కోడలు," అని హుదాక్ దాని బానెట్టు నిమిరేవాడు.

బార్బోరా ఊహించినట్టే కంపెనీ నీళ్ళ స్తంభాలకు ఇనప టోపీలు తొడిగి తాళాలు వేసింది. తాళంచెవులు దొర జేబులో.

*

ఎండలు ముదిరి ఏరు సన్నబడిన రోజుల్లో, పట్టపగలు, బొగ్గు రైలింజను రవ్వ ఒకటి అడితిలో పడింది. ఆ ఏడంతా ఎండిన దుంగలవి. గెతిన్ కంపెనీ బండి గొట్టం విప్పుకుని స్తంభం దగ్గరికి పరిగెత్తాడు. ఇనప టోపీ. తాళం. దొర ఆఫీసుకి మనిషిని పంపారు. ఆ మనిషి తిరిగొచ్చేలోగా మంట కంపెనీ బండిని చుట్టుముట్టింది.

అప్పటికి మా బండి ఏటి ఒడ్డున నిలిచి నీళ్ళు పీలుస్తోంది. బార్బోరా గొట్టం మూతి పట్టుకుంది. వెనక వరసగా మగాళ్ళు. నీళ్ళధార అడితి మీద పడలేదు. పేట ఇళ్ళ కప్పుల మీద పడుతోంది.

ప్రాథరో టోపీ లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "అక్కడ కాదు! అటు! అడితి మీద కొట్టండి!"

"ఆర్డరు లేదు దొరగారూ," అంది బార్బోరా, అటు చూడకుండానే.

"నేనిస్తున్నాను ఆర్డరు!"

"ఇది మీ బండి కాదుగా," అన్నాడు హుదాక్. "మూడు పేటలూ చేతులెత్తాలి. ఆగండి, మీటింగు పెడతాం." జనం వైపు తిరిగి గొంతెత్తాడు. "అడితి మీద నీళ్ళు కొట్టాలా వద్దా? ఎవరైనా మాట్లాడతారా?"

"నేను మాట్లాడతా," అన్నాడు మల్‌హెర్న్, తాపీగా. "ముందు పోయిన మీటింగులో ఏం జరిగిందో ఒకసారి చెప్పుకుందాం. అప్పుడు నేను కాస్త తొందరపడి మాట్లాడాను..."

జనం పగలబడి నవ్వారు. వెనక దుంగలు టపటపా పేలుతున్నాయి. దొర ముఖం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"అడితి కాలితే గని ఆగుతుంది. మీ కూడే ఆగుతుంది, మూర్ఖుల్లారా!"

"ఆగనీ," అన్నారెవరో. ఆ మాట వీధంతా ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పాకింది. "ఆగనీ. ఆగనీ."

నాకు సంతోషం కలిగింది. దాచుకోను. ఆ దుంగలు మండుతుంటే నా గుండెలో ఏదో చల్లబడింది.

అంతలో గెతిన్ కంపెనీ బండిని బయటికి లాగబోయి మంటలో చిక్కాడు. చొక్కా అంటుకుంది. చేతులాడిస్తూ ఒక్క కేక పెట్టాడు. జనం నవ్వు ఆగిపోయింది. హుదాక్ చేయి సగంలో లేచి ఉంది. ఎవరూ ఏమీ అనకముందే నీళ్ళధార గిర్రున తిరిగింది. గెతిన్ నీళ్ళ దెబ్బకు పడి, బొగ్గు బురదలో దొర్లుకుంటూ బయటికొచ్చాడు.

"ఓటు కాలేదే..." అన్నాడు మల్‌హెర్న్.

"మనిషి మీద నీళ్ళకి ఓటు అక్కర్లేదు," అంది బార్బోరా. ధారను మళ్ళీ ఇళ్ళ కప్పుల మీదికి తిప్పింది. "ఇప్పుడు అడగండి. దుంగల సంగతి."

హుదాక్ అడిగాడు. ఒక్క చేయి లేవలేదు. నాదీ లేవలేదు.

అడితి బూడిదైంది. కంపెనీ బండి ఇనప ఎముకలు మిగిలాయి.

*

గని ఆగింది. బార్బోరాను పట్టుకోవడానికి, బండిని జప్తు చేయడానికి కంపెనీ పోలీసులు గుర్రాల మీద వస్తున్నారని ఆదివారం ఉదయం కబురొచ్చింది. పూజకు వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు.

"దాచేద్దాం," అన్నారు కొందరు.

"దాచడమెందుకు?" అంది బార్బోరా. "ఇల్లు చూపిద్దాం దానికి. కంపెనీ బండి కాలిపోయింది. దాని ఇల్లు ఖాళీగానే ఉందిగా."

అది ఇటుకల ఇల్లు, కొండ మీద, పచ్చ తలుపులతో. మూడు పేటల జనం బండి మీద చేతులేశారు. ఇంజను వేయలేదు. కొండ మీదికి తోశారు. గని చేతులు, అట్లు వేసిన చేతులు, సుద్దముక్క పట్టిన నా చేతులు. గృహప్రవేశమని కబురందుకుని చుట్టుపక్కల లోయల బళ్ళు గంటలు కొడుతూ వచ్చాయి. పాలవాళ్ళ ఊరి దళం కెప్టెన్ తన పాత బండిని చూసి టోపీ ఎత్తాడు. గొట్టాలు లేచాయి. ఎండలో వాన కురిసింది. బండీ తడిసింది, మేమూ తడిశాం.

పచ్చ తలుపులకు లోపలి నుంచి గడియ ఉంది. హుదాక్ గొడ్డలి ఎత్తాడు. గడియ జరిగిన చప్పుడైంది. తలుపు తెరిచింది గెతిన్. చేతులకు కట్లు. కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది గానీ, తాళంచెవి ఇంకా వెనక్కి అడగలేదు. బార్బోరా ముఖం వైపు చూడలేకపోయాడు.

"క్షమించాననుకోకు," అంది ఆమె. "ఆ తలుపు గట్టిగా పట్టుకో, బండికి తగులుతుంది."

అతను మోచేతులతో, ఒంటితో తలుపును గోడకు అదిమి పట్టుకున్నాడు. బండి ఇంట్లోకి వెళ్ళింది.

గుర్రాలు వచ్చేసరికి జనం గుమ్మం నుంచి వీధి చివరిదాకా నిండిపోయి ఉన్నారు. పోలీసులు లాఠీలతో దారి చేసుకున్నారు. మల్‌హెర్న్ తల పగిలింది. బార్బోరాను రెక్కలు పట్టి లాక్కెళ్తుంటే ఆమె పాలవాళ్ళ ఊరి కెప్టెన్ ముందు కాళ్ళు తన్నిపెట్టి ఆగింది. కోటు జేబులోంచి ఇత్తడి మూతి తీసి అతని చేతిలో పెట్టింది.

"మీ ఊళ్ళో లేతుందా?"

"ఉంది తల్లీ."

"అయితే ఇదే మర కొయ్యి. పై ఊరివాళ్ళకీ ఇవ్వు."

ఆమెను గుర్రాల వెనకే వచ్చిన పోలీసు బండి ఎక్కించారు. కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు హుదాక్ ఏమీ అనకుండా నీళ్ళ స్తంభం దగ్గరికి నడిచాడు. గొడ్డలి ఒక్క దెబ్బకు తాళం ఎగిరిపోయింది. గొట్టం మూతి పెట్టి తిప్పాడు. మర నున్నగా ఎక్కింది. గొట్టం ఉబ్బింది.

"చేతులెత్తండి," అన్నాడు మా అందరితో, గుర్రాల వైపు చూస్తూ.

వీధి చివరిదాకా చేతులు లేచాయి.