గురవమ్మకు రాని భాష

సుమతికి కోపమొస్తే వంటింట్లో గిన్నెలు మోగుతాయి. ఆ రోజు ప్రొద్దుటూరులో తన ఇంటికొచ్చిన అన్న ఆదెన్నకు టీ అయితే ఇచ్చింది గానీ, గ్లాసు బల్లమీద కొట్టినట్టు పెట్టడంతో సగం ఒలికిపోయింది.

"నీ నవల్లో ఆ ఏడో అధ్యాయం తీసేయ్," అన్నాడు ఆదెన్న. జమ్మలమడుగులో సిమెంటు అంగడి ఆయనది. బజార్లో పెద్దమనిషి. పంచాయితీలు కూడా చెప్తాడు, అదొక వింత. "కన్నడంలో రాసుకుంటివి, నేనేమన్నా అంటినా? ఇప్పుడు తెలుగులో ఏంటికి? గురవమ్మ చదువుతాది."

"చదవాలనే రాస్తాండా."

"ఎప్పటి మాటో. ఇప్పుడు తవ్వితే ఎవురికి లాభం?"

"నీకు నష్టం. ఆ మాట చెప్పు, నోరేం పడిపోదు."

సుమతి బళ్ళారిలో మేనమామ ఇంట్లో చదువుకుంది. కన్నడంలో నవలలు రాస్తుంది, రెండు భాషల మధ్య అనువాదాలు చేస్తుంది. ఆమెకు పేరు తెచ్చింది మాత్రం సొంత అక్క గురవమ్మ కథే. గురవమ్మ ఇష్టపడిన రాఘవేంద్ర ఎర్రగుంట్లలో లారీ నడిపేవాడు. మన కులం కాదని ఆదెన్న అతన్ని మనుషులతో కొట్టించి ఊరు దాటించాడు. గురవమ్మతో మాత్రం, వాడు వేరే పెళ్ళి చేసుకున్నాడని చెప్పాడు. ఆమె నమ్మింది. గొర్రెలు కాసుకుంటూ అట్లాగే ఉండిపోయింది.

ఆ కొట్టడం చిన్న సుమతి గోడ చాటునుంచి చూసింది. చెబితే నాలుక కోస్తానన్నాడు అన్న. ఆ భయం ఎప్పుడో పోయింది. పెద్దదై, అదంతా నవలగా రాసింది. కన్నడం చదివేవాళ్ళు ఏడ్చారు, శాలువాలు కప్పారు. కన్నడం రాని గురవమ్మ అట్టమీద చెల్లెలి ఫొటో చూసి మురిసిపోయి, ఆ పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది.

"ఒక్క అక్షరం తీయను. లేసి పో," అంది సుమతి.

మర్నాడే ఏడో అధ్యాయం తెలుగు ప్రూఫు కాగితాలు తీసుకుని పులివెందుల బస్సెక్కింది. అక్కడినుంచి ఆటోలో అక్క ఊరికి. దారంతా అన్నను తిట్టుకుంటూనే ఉంది. అక్క చదివి ఏడుస్తుంది, తనను పట్టుకుని ఏడుస్తుంది, ఇద్దరూ కలిసి వాణ్ణి నిలదీస్తారు. అంతా ముందే రాసిపెట్టుకున్నట్టు ఆలోచించుకుంది.

గురవమ్మ గొర్రెల దొడ్డి పక్కన కూర్చుని, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. ఏడవలేదు. కాగితాలు మోకాలి మీద సర్దుకుంది.

"ఇది నిజమేనా?"

"నిజమే అక్కా."

"నీకెప్పటినుంచి తెలుసు?"

"చిన్నప్పుడే చూసినా. అన్న బెదిరించినాడు..."

"చిన్నప్పుడు సరే. పెద్దయినాక?"

సుమతి చూపు దొడ్డిలోని గొర్రెల మీదికి మళ్ళింది.

"ఇది చదివి కన్నడమోళ్ళు ఏడ్చినారంటివే. వాళ్ళల్లో ఒక్కరన్నా ఆ మనిషి యాడుండాడని అడిగినారా? బతికుండాడా అని? నువ్వు వెతికినావా?"

"లేదక్కా."

గురవమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సుమతికి కొంచెం ఊరటగా ఉండేది. "అన్న నాకు అబద్ధం చెప్పినాడు. దొంగనాయాలు, వాని సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఊరూరికీ నిజం చెప్పి, నన్నొక్కదాన్నే వదిలేసినావు. నా గురించి రాస్తాండావు కదా, ఒకసారన్నా నా పక్కన కూచోని చదివి చెప్పొచ్చు కదా. తెలుగు చేసేదాకా ఆగాల్నా నేను?"

సుమతి కాగితాల కోసం చెయ్యి చాపింది.

"ఈడే ఉండనీ. వాణ్ణి పిలిపించి, చదివి వినిపిస్తా," అంది గురవమ్మ. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, దేవుడి గూట్లోని కన్నడ పుస్తకం తెచ్చి చెల్లెలి ఒళ్ళో పడేసింది. "ఇది నువ్వు తీసుకోని పో. చివరి బస్సుకు ఇంకా టైముంది."