బిగించకూడని నట్టు

ఇలా దగ్గరికి జరుగమ్మా. ఆ కుర్చీ పొయ్యి వైపు లాక్కో, లేకపోతే కాళ్ళు చల్లబడతాయి. చేతిలో అల్లిక ఉంటే ఉండనీ, చెవి మాత్రం నాకివ్వు. నీకు మోరిసెట్ సంగతి చెప్పాలి.

మన ఆర్వ్ లోయలో ఒకప్పుడు ఇంటింటి కిందా లేత్ మిషన్ తిరిగేది కదా. ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చింది. మోరిసెట్ ఇంటి కింది గదిలో, కిటికీ ఎదురుగా ఉన్నది మాత్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. నూనె ఒత్తిడితో నేల మీద నుంచి పైకి లేచే ఆ పాత కార్లు తెలుసుగా? వాటి సన్నటి ఇనుప పైపులకు చివర్లు, ఆ చివర్లను పట్టి ఉంచే చిటికెన వేలి గోరంత నట్లు, ఇవే ఆమె చేసేది. అలాంటి కార్లు తయారుకావడం ఎప్పుడో ఆగిపోయింది. పైపులకు తుప్పు పట్టడం మాత్రం ఆగలేదు. అందుకని జనం ఆమె తలుపు తడుతూనే ఉండేవారు.

భర్త క్లోవిస్ పోయాక ఆ పని ఆమె, ఆమె మరిది అన్సెల్మ్ కలిసి నెట్టుకొచ్చారు. అన్సెల్మ్ పైపు వంచి దాని చివర ఉంగరంలా ఉబ్బు తేల్చేవాడు, ఆమె నట్లు కోసేది. కోసిన ప్రతి నట్టునూ కింది పెదవికి ఆనించి చూసేది. వేళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి, సన్నటి గరుకు ఉన్నా వాటికి తెలియదు. పెదవికి తెలుస్తుంది. అందుకే ఆమె పెదవి ఎప్పుడూ కాస్త చిట్లి ఉండేది.

ఆ ఏడు చలి వెళ్ళేసరికి మోరిసెట్‌కు ఒళ్ళు హూనమైపోయింది. కుడి భుజం పైకి లేవడం లేదు. నిద్ర లేచేసరికే అలసట పక్కలో పడుకుని ఉన్నట్టుండేది. పాత ఇనుము కొనేవాళ్ళకు మిషన్ ఇచ్చేస్తానని కబురు పంపింది. శుక్రవారం లారీ వస్తుందన్నారు.

మంగళవారం మధ్యాహ్నం సూపు తాగి బల్ల మీదే తల వాల్చుకుందో లేదో, తలుపు చప్పుడైంది. కొండ మీది ఊరి నుంచి హిలేర్ వచ్చాడు. పాలవాడి వ్యాన్‌లో కొండ దిగి వచ్చాడట. ఒక చంకలో గుడ్డ చుట్టిన పైపు ముక్క, రెండో చంకలో చీజు చక్రం.

"మూసేశాం నాయనా," అంది మోరిసెట్ తల ఎత్తకుండానే.

"తలుపు తీసే ఉంది కదా మదామ్."

"తలుపు తీసుంటే దుకాణం తీసున్నట్టా? చర్చి తలుపూ తీసే ఉంటుంది, పోయి అక్కడడుగు."

"అక్కడ నట్లు దొరకవుగా."

అన్సెల్మ్ మూల నుంచి పకపకా నవ్వాడు. "చీజు తెచ్చాడు వదినా, ముందు కూర్చోనీ."

హిలేర్ కూర్చోలేదు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. భార్య లెయోనీకి ఎముకలు సుద్దముక్కల్లా అయిపోయాయి, పైగా మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. రోజు విడిచి రోజు కింది ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం శుభ్రం చేయించాలి. ఆసుపత్రి వ్యాన్‌లో ఆ మలుపుల దారిన దిగితే ప్రతి గతుకూ ఆమె వెన్నులో గుచ్చుకుంటుంది. కుదుపు లేకుండా తీసుకెళ్ళేది తన పాత కారొక్కటే. ఇప్పుడు ముందు వైపు పైపులోంచి నూనె కారిపోయి, కారు నేలకు కూలబడింది.

"నిన్న వ్యాన్‌లో తీసుకెళ్ళారు," అన్నాడు. "తిరిగొచ్చి ఒక్కటే మాటంది. ఇంక నేను వెళ్ళను హిలేర్, అంది. అరవలేదు, ఏడవలేదు. అలా అంటే అది నిజంగా వెళ్ళదు మదామ్. వెళ్ళకపోతే ఏమవుతుందో మీకు తెలుసు."

మోరిసెట్ కాసేపు అతని చేతుల వంక చూసింది. పెద్ద చేతులు. చెట్లు నరికి దుంగలు దొర్లించిన చేతులు. తర్వాత బల్ల పట్టుకుని లేచింది. "భుజం ఊడిపోతే నీదే పాపం," అంటూ మిషన్ తిప్పింది.

సాయంత్రానికి పైపు, నట్టు, కొత్త రబ్బరు తొడుగు కాగితంలో చుట్టి చేతికిచ్చింది. "మెల్లగా బిగించు," అని చెప్పింది. వచ్చిన వాళ్ళందరికీ చెప్పే మాటే. ఎవరూ వినని మాటే.

బుధవారం పొద్దున ఆమె కాఫీలో రొట్టె ముంచుకుంటుంటే మళ్ళీ హిలేర్. మొహం పాలిపోయి ఉంది.

"మళ్ళీ కారుతోంది మదామ్."

ఆమె పైపు చివర అందుకుని కిటికీ దగ్గర తిప్పి చూసింది. ఉబ్బు చదునైపోయింది. రబ్బరు చీలి, రంధ్రంలోకి తోసుకుపోయి ఉంది.

"దేనితో బిగించావ్?"

"పానాతో."

"ఎంత పానా?"

హిలేర్ నేల చూపులు చూశాడు. "ట్రాక్టర్‌ది."

"ట్రాక్టర్ పానానా!" అన్సెల్మ్ నెత్తి బాదుకున్నాడు. "ఇంకా నయం, ట్రాక్టరే ఎక్కించలేదు దాని మీద!"

"మొదట చిన్నదానితోనే బిగించాను," అన్నాడు హిలేర్. "చుక్క కారుతుందేమోనని భయమేసింది. దారి మధ్యలో కారు కూలబడితే? లెయోనీ లోపల ఉండగా? అందుకని ఇంకొంచెం బిగించాను. ఇంకొంచెం."

మోరిసెట్‌కు కోపం రావాల్సింది, రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి కదా. "ఈ నట్టు బలానికి ఆగదయ్యా," అంది. "రబ్బరును నొక్కాల్సింది నువ్వు కాదు, లోపలి నూనె. ఒత్తిడి వస్తే అదే నొక్కుకుంటుంది. నువ్వు తొందరపడి నొక్కేస్తే రబ్బరు చస్తుంది. అర్థమైందా?"

"అయింది."

ఆమెకు తెలుసు, కాలేదని. తలకు అర్థమైంది, చేతికి కాలేదు. భయపడిన చేయి ఎప్పుడూ ఇంకో చుట్టు తిప్పుతుంది. తను ఎన్ని చేసిచ్చినా ఈయన అన్నీ నలిపేస్తాడు. శుక్రవారం తర్వాత చేసివ్వడానికి తనకు ఓపికా ఉండదు, మిషనూ ఉండదు.

ఆ రోజంతా కోసింది. ఒక్క జత కాదు, చాలానే. భుజం మండుతుంటే ఎడమ చేత్తో లాగింది. అన్సెల్మ్ "ఇంక చాల్లే వదినా" అంటే "నువ్వు పైపులు వంచు, నీతులు కాదు" అంది.

గురువారం పొద్దున్నే పాలవాడి వ్యాన్‌లో ఆమె కూడా కొండెక్కింది. ప్రతి గతుకూ లెక్కగా భుజంలో దిగింది. లెయోనీ ఎందుకు వెళ్ళనందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

హిలేర్ కొట్టంలో కారు బోర్లా పడుకున్న ఆవులా నేలకు అంటుకుని ఉంది. అతను బానెట్ ఎత్తి, ముక్కు భాగంలో ఉండే స్టెప్నీ తీశాడు. పైపు చోటు కనబడింది. మోరిసెట్ పైపు అమర్చి, రబ్బరు ఎక్కించి, నట్టు వేళ్ళతో తిప్పింది. పానా పట్టేసరికి భుజం అడ్డం తిరిగింది. చేయి ఆ ఎత్తున నిలవలేదు.

"ఇటివ్వండి, నేను," అన్నాడు హిలేర్.

"నువ్వు ముట్టుకున్నావంటే చేయి విరుస్తా."

గుమ్మంలో ఎవరో నవ్వారు. లెయోనీ. దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుని నిలబడి ఉంది. పిట్టంత మనిషి.

"నా కోసమేనా ఈ కొట్లాట?" అంది. "వెళ్ళనని చెప్పానుగా. నిన్నా వెళ్ళలేదు."

మోరిసెట్ ఆమె మణికట్టు వంక చూసింది. రొట్టె కోయడానికి కూడా చాలదు ఆ చేయి.

"ఇలా రామ్మా," అంది. "హిలేర్, కుర్చీ తే."

"దాని చేత చేయిస్తారా! కప్పు ఎత్తడానికే దానికి..."

"అందుకే."

కుర్చీ కారు ముక్కు దగ్గర వేశారు. మోరిసెట్ పొట్టి పానా ఆమె చేతిలో పెట్టి నట్టు మీద ఆనించింది. "తిప్పు. నీకు ఓపిక అయిపోయిన చోట ఆపెయ్."

"నా ఓపిక ఎక్కడిదాకా ఉందని, పాడు!" అంటూనే లెయోనీ తిప్పింది. కొంచెం. ఇంకొంచెం. పెదాలు బిగపట్టి ఒక్క లాగు లాగి, వదిలేసింది. "అంతే. ఇంక నా వల్ల కాదు."

"అంతే చాలు."

హిలేర్ చెమటలు తుడుచుకుంటూ ఇంజన్ తిప్పాడు. వెనక వైపు మెల్లగా లేచింది, తర్వాత ముక్కు లేచింది. మోరిసెట్ నట్టు కింద తెల్ల కాగితం పరిచింది. ముగ్గురూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు. పక్కింటి కుక్క మొరిగి మొరిగి మానుకుంది. కాగితం పొడిగానే ఉంది.

హిలేర్ చేయి పానా వైపు పాకింది. "ఒక్క పిసరు..."

చాచి ఒక్కటిచ్చింది లెయోనీ ఆ చేతి మీద. "నేను బిగించాను. ముట్టుకోకు."

లెయోనీ పానా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. కారును చూసింది, తన అరచేతిని చూసుకుంది. చివరికి, "నా కోటు తీసుకురా," అంది మొగుడితో. "ఆసుపత్రి వాళ్ళకు ఆలస్యం నచ్చదు."

మోరిసెట్ తను కోసి తెచ్చిన నట్ల సంచి లెయోనీ ఒళ్ళో పెట్టింది. "ఏడాదికోసారి మారిస్తే నీ జీవితానికి సరిపడా ఉన్నాయి. ఈయన చేతికి మాత్రం ఇవ్వకు."

వెనక సీట్లో ఇద్దరాడవాళ్ళూ పక్కపక్కన కూర్చున్నారు. ఇన్నేళ్ళు ఈ కార్లకు నట్లు కోసింది గానీ మోరిసెట్ అందులో ఎక్కడం అదే మొదటిసారి. మలుపులు వచ్చాయి, గతుకులు వచ్చాయి, కిటికీలోంచి కనబడ్డాయే తప్ప ఒంటికి తగల్లేదు. మర్నాడు లారీ వస్తుంది. రానీ. రెండో మలుపు దాటేసరికి మోరిసెట్‌కు నిద్ర పట్టి మెడ వాలిపోయింది. ఆమె ఇంటి గేటు దగ్గర హిలేర్ వేగం తగ్గించి అద్దంలోంచి వెనక్కి చూశాడు. లెయోనీ నోటి మీద వేలు పెట్టి, పోనీ అన్నట్టు తల ఊపింది. కారు ఆగకుండా ఆసుపత్రి దారి పట్టింది.

అదమ్మా సంగతి. ఇప్పుడు లోయలో ఆ మిషన్లూ లేవు, ఆ ముగ్గురిలో ఒక్కరూ లేరు. నాకా, నేనున్నంత కాలమే గుర్తుంటుంది. నువ్వు మర్చిపోకు తల్లీ. నీ పిల్లలు ఇలా పొయ్యి దగ్గర చేరినప్పుడు, మోరిసెట్ పేరు, లెయోనీ పేరు రెండూ చెప్పి, ఆ నట్టు ఎవరు బిగించారో చెప్పు.