ముందు వెళ్ళినవాడు

అతనికి జువ్వ అని పేరు పెట్టింది బేకరీవాడు. నిప్పు తగలడమే ఆలస్యం, ఎటు దూసుకుపోతుందో తెలియని జువ్వలాంటి మనిషి అని. బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినబడి మనం హెల్మెట్ తగిలించుకునేలోపు వీధి చివర దుమ్ము తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ఆదివారాలు మోటారు సైకిళ్ళ మీద ఊరు దాటి తిరిగొచ్చే ఆ గుంపులో ఉన్నది నలుగురే. లిఫ్టులు బాగుచేసే జువ్వ. బేకరీ నడిపే అతని చిన్నప్పటి స్నేహితుడు. ఆస్పత్రిలో పనిచేసే నర్సు, ఈమెను అందరూ అక్కా అంటారు. ఇక లెక్కల మాస్టారు. వయసులో అందరికంటే పెద్ద, వేగంలో అందరికంటే చిన్న. చుట్టుపక్కల పురుగు కూడా లేని రోడ్డు మీద ఇండికేటర్ వేసి, అది చాలదన్నట్టు చెయ్యి కూడా చాపి మలుపు తిరిగే మనిషి.

వేగాలు కలవక మొదట్లో వెళ్ళినప్పుడల్లా తగువే. మాస్టారి కోసం నిదానంగా వెళితే జువ్వకు ఒళ్ళు మండేది. జువ్వను అందుకోబోతే మాస్టారికి గుండె జారేది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎవరి వేగం వాళ్ళది. మలుపు వచ్చిన చోట ముందున్నవాడు ఆగాలి, వెనకవాడి లైటు అద్దంలో కనబడ్డాకే కదలాలి. అప్పటినుంచీ జువ్వ ముందుగా వెళ్ళి ఏదో ఒక టీ కొట్టు దగ్గర కాళ్ళు బార్లా చాపుకుని కూర్చునేవాడు. మాస్టారు వచ్చేసరికి అతని గ్లాసు ఖాళీ అయ్యేది.

"మాస్టారూ, మీరు ఆ బండికి పెట్రోలు పోస్తున్నారా, నచ్చజెబుతున్నారా?" అనేవాడు.

"రెండూ" అనేవారు మాస్టారు హెల్మెట్ తీస్తూ. అప్పటికే జువ్వ లేచి నిలబడి ఉండేవాడు.

వానలు మొదలైన రోజుల్లో జువ్వ భార్య చనిపోయింది. వంటింట్లో నిలబడి పక్కింటావిడతో మాట్లాడుతూ తలనొప్పిగా ఉందంది, గోడకు ఆనుకుంది, అలాగే కిందికి జారిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. సాయంత్రానికి అంతా అయిపోయింది.

అతను ఏడవలేదు. చుట్టాలంతా వచ్చి అతని బదులు ఏడ్చి వెళ్ళారు. కార్యక్రమాలకు వచ్చిన అత్తగారు మాత్రం వచ్చినావిడ వచ్చినట్టే ఉండిపోయింది. ఉండమని అతను అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆవిడ వండిపెట్టేది, అతను తినేవాడు. ఉప్పు వెయ్యడం మర్చిపోయిన రోజు కూడా మారు మాట్లాడకుండా తిన్నాడు. తర్వాత తాను తిని చూసుకుని ఆవిడ వంటింట్లోనే కాసేపు కూర్చుండిపోయింది.

భార్య ఫోన్లో పొద్దున్నే అలారం మోగేది. ఎవరూ ఆపేవాళ్ళు కాదు. మోగి మోగి దానంతట అదే ఆగేది. ఛార్జింగ్ అయిపోతే ఇక మోగదు కదా అని అతను ఎదురు చూశాడు. అయిపోలేదు. అత్తగారు రోజూ ఛార్జింగ్ పెడుతోందని చాలా రోజులకు గానీ అతనికి తెలియలేదు.

పనికి మాత్రం మానకుండా వెళ్ళాడు. లిఫ్టు గది నెత్తిమీద కూర్చుని, చీకటి గోతిలో పట్టాలకు గ్రీజు రాస్తూ, తాళ్ళు తడిమి చూసుకుంటూ గడిపేవాడు. ఆ ఇరుకులో ఒకప్పుడు ఈలలు వేసేవాడు. ఇప్పుడు కింద ఎవరైనా "అన్నా, ఉన్నావా?" అని అరిస్తే "ఉన్నా" అనేవాడు, అంతే.

ఒక ఆదివారం పొద్దున బేకరీవాడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఒరేయ్, డ్యామ్ దాకా వెళ్ళొద్దాం రా. మాస్టారూ అక్కా మెయిన్ రోడ్డు దగ్గర ఉన్నారు."

లోపలినుంచి అత్తగారే అంది: "వెళ్ళి రండి బాబూ. మిమ్మల్ని చూసి చూసి ఈ గోడలకే విసుగొచ్చింది."

అతను లేచి చొక్కా మార్చుకున్నాడు. వెళ్ళొద్దంటే అలాగే మానేసి ఉండేవాడు కూడా.

అలవాటు కొద్దీ అందరూ అతన్ని ముందుకు వదిలారు. అతను బయలుదేరాడు. వీధి చివర దుమ్ము లేవలేదు. ఊరు దాటాక రోడ్డు వెడల్పైంది. అక్కడే కదా అతను ఎప్పుడూ మాయమయ్యేది అని బేకరీవాడు కూడా గేరు మార్చి సిద్ధంగా ఉన్నాడు. కానీ జువ్వ బండి ఇంకా నెమ్మదించింది. పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ ఒకటి వాళ్ళ నలుగురినీ దాటుకుంటూ వెళ్ళిపోయింది. దాని మీదున్న ముసలాయన వెనక్కి తిరిగి మరీ చూశాడు.

బండిలో ఏదో లోపం ఉందనుకున్నాడు బేకరీవాడు. మలుపు దగ్గర ఆపి, వంగి, ప్లగ్గు చూశాడు, గొలుసు చూశాడు, చక్రం తిప్పి చూశాడు. "బాగానే ఉంది కదరా!"

"బాగానే ఉంది" అన్నాడు జువ్వ.

అయితే ఇతన్ని మధ్యలో పెడదాం అంది అక్క. ముందు బేకరీవాడు, తర్వాత జువ్వ, వెనక అక్క, చివర మాస్టారు. అదీ కుదరలేదు. బేకరీవాడు పోయినంత దూరం పోయి, అద్దంలో ఎవరూ కనబడక ఆగి, తిట్టుకుని, మళ్ళీ కదిలేవాడు. వెనక అక్క బండి వేడెక్కి వాసన కొట్టసాగింది. ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువ. అంత నిదానంగా పోయేవాళ్ళ వెనక పడితే ఏ లారీవాడైనా ఊరుకుంటాడా? హారన్ల మోత. జువ్వ పక్కకూ జరగలేదు, వేగమూ పెంచలేదు. వినబడుతున్నట్టే లేదు.

వంతెన మీద అతని బండి దాదాపు ఆగిపోయింది. అడ్డం ఏమీ లేదు. ఊరికే, చెయ్యి వదులైనట్టు ఆగింది. అక్క గట్టిగా బ్రేకు వేసింది. ఆమె వెనకున్న లారీ చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టి పక్కకు కోసుకుంటూ పోయింది. దాని వెనక చక్రాలు అతని మోకాలికి జానెడు దూరంలోంచి తిరుగుతూ వెళ్ళాయి. డ్రైవరు తల బయటపెట్టి అన్న మాటలు అదృష్టం కొద్దీ సగమే వినబడ్డాయి.

వంతెన చివర ఆగి చూస్తున్న బేకరీవాడి దగ్గర ఇద్దరూ ఆగారు. "ఏమైంది?" అన్నాడు జువ్వ.

"ఏమైందా!" బేకరీవాడు హెల్మెట్ తీసి గడ్డిలోకి విసిరేశాడు. "అక్క చచ్చిపోయేదిరా ఇప్పుడు! బండి బాగానే ఉంది, రోడ్డు బాగానే ఉంది, మరి నీకేమైంది? తిడతావో, ఏడుస్తావో, నన్ను రెండు కొడతావో, ఏదో ఒకటి చెయ్యి! ఇలా చూడకు!"

జువ్వ అలాగే చూస్తున్నాడు. అక్క దగ్గరికి వచ్చి, ఆస్పత్రిలో చేసినట్టే అతని మణికట్టు పట్టుకుని కాసేపు నిలబడింది.

"నాకు ఇంకా దడ తగ్గలేదు" అంది చెయ్యి వదిలేసి. "నీకేమో నాడి నిద్రపోతున్నవాడికి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది."

మాస్టారు అప్పుడే వచ్చి చేరారు. ముగ్గురి ముఖాలూ చూసి, ఏం జరిగిందో అక్కని అడిగి తెలుసుకుని, బండి స్టాండు వేశారు. "మీరిద్దరూ మీ వేగంతో పోండి. డ్యామ్ దగ్గర కలుద్దాం. ఇతను నాతో వస్తాడు."

"మీతోనా? మీ ఇద్దరూ వచ్చేసరికి డ్యామ్‌లో నీళ్ళు ఇంకిపోతాయి మాస్టారూ" అన్నాడు బేకరీవాడు. ఎవరూ నవ్వలేదు, తను కూడా.

వాళ్ళు వెళ్ళాక మాస్టారు జువ్వతో అన్నారు: "నేను ముందు పోతాను. నువ్వు నా వెనక చక్రం చూస్తూ రా, అంతకంటే ఇంకేమీ చూడక్కర్లేదు. నువ్వు అద్దంలో కనబడకపోతే ఆగుతాను."

అలా వెళ్ళారు. పెద్ద రోడ్డు వదిలి పాత రోడ్డు పట్టుకున్నారు మాస్టారు. గతుకులైతే ఉన్నాయి గానీ లారీలు లేవు. జువ్వ ఆ వెనక చక్రాన్నే చూస్తూ పోయాడు. దాని మడ్‌గార్డు ఒక పక్కకు వంగి ఉంది. ఇన్నేళ్ళుగా కలిసి తిరుగుతున్నా ఆ బండిని వెనకనుంచి అతను ఎప్పుడూ చూడలేదు.

దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగారు. జువ్వ టీ రెండు గుక్కల్లో తాగేసి లేచాడు.

"కూర్చో" అన్నారు మాస్టారు.

అతను కూర్చున్నాడు.

"ఒక సంగతి చెబుతాను, తప్పుగా అనుకోకు. నిదానంగా వచ్చేవాడికి తీరిక ఎక్కువ అనుకుంటారు మీరు. నేను వచ్చేదాకా మీరు కూర్చుంటారు. నేను రాగానే లేస్తారు. మీకు దారంతా విశ్రాంతే. నేను పొద్దున ఎక్కినవాణ్ణి సాయంత్రం దాకా దిగే పని లేదు. నాలుక కాల్చుకోకుండా మీతో టీ తాగిన రోజు ఒక్కటీ లేదు నాకు."

"చెప్పలేదేం?"

"చెబితే మానెయ్యమంటారేమోనని."

జువ్వ చేతిలోని ఖాళీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. కొట్టువాడు స్టవ్ మీద పాలగిన్నె మార్చాడు. కుక్క ఒకటి వచ్చి బండి చక్రం వాసన చూసి వెళ్ళిపోయింది.

"ఆ రోజు కూడా నేనే ముందు వెళ్ళాను మాస్టారూ" అన్నాడు జువ్వ.

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"పక్కింటావిడ ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చింది, ఎక్కించారు, ఆస్పత్రికే వచ్చెయ్యమంది. ఊరికి ఆ చివర పనిలో ఉన్నాను. ఎలా తోలానో మీకు చెప్పక్కర్లేదు. రైల్వే గేటు దగ్గర అంతా ఆగిపోయి ఉంది. సందుల్లోంచి దూరాను. ఒక అంబులెన్స్ కూడా ఇరుక్కుపోయి ఉంది. దాని పక్కనుంచే వెళ్ళాను. అద్దం తగులుతుందేమోనని మోచెయ్యి లోపలికి లాక్కున్నాను కూడా."

గొంతులో ఏ మార్పూ లేదు. చెడిపోయిన లిఫ్టు గురించి చెబుతున్నట్టే చెప్పాడు.

"ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. నేనే ముందు వచ్చానని సంతోషించాను మాస్టారూ. డాక్టర్ని సిద్ధం చేయించాను, స్ట్రెచర్ బయట పెట్టించాను. చాలాసేపటికి అంబులెన్స్ వచ్చింది. వెనక తలుపు మీద పొడుగ్గా ఒక సొట్ట. గేటు దగ్గర దాటినప్పుడు చూసిన సొట్టే."

ఆగి ఉంటే ఏమయ్యేదో, ఆగకపోతే ఏమైందో, ఆ లెక్క మాస్టారు వెయ్యలేదు. కొట్టువాడికి ఇంకో రెండు టీలు చెప్పారు. ఆ రెండో టీ ఇద్దరూ చల్లారేదాకా పెట్టుకుని తాగారు. ముందు మాస్టారు లేచారు.

డ్యామ్ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గట్టు మీద నీడలో అక్క పడుకుని ఉంది. బేకరీవాడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. తిట్టడానికి సిద్ధంగా ఉన్నట్టే కనబడ్డాడు గానీ, దగ్గరికి వచ్చాక కాగితం పొట్లం ఒకటి జువ్వ చేతిలో పెట్టాడు. "బన్ను ఉంచాను. చీమలు పట్టాయి. దులుపుకుని తిను."

జువ్వ దులుపుకుని తిన్నాడు.

"ఇందాక అరిచాను" అన్నాడు బేకరీవాడు నీళ్ళవైపు చూస్తూ.

"అరిచావు" అన్నాడు జువ్వ.

"ఒకటి నిజం చెబుతాను. ఆ వేగంతో నేను రాలేనురా. నిద్రొచ్చి పడిపోతాను. ముందు వెళ్ళిపోతాను. కానీ వెళ్ళిన చోట కూర్చుంటాను. నువ్వెప్పుడొస్తే అప్పుడే."

"కూర్చోవడం కాదు" అంది అక్క పడుకున్న చోటునుంచే. "ఇకనుంచి ఆఖరున వచ్చినవాళ్ళు లేచేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు. వాళ్ళు టీ తాగాలి, నడుం వాల్చాలి, మూత్రానికి వెళ్ళాలి, అన్నీ అయ్యాకే."

బేకరీవాడు మాస్టారివైపు చూశాడు. మాస్టారు బూట్లు విప్పి, మేజోళ్ళు కూడా విప్పి, రాతి మీద ఆరేసుకుంటున్నారు. ఎప్పుడూ ఆయన పాదాలు చూసి ఎరగరు వాళ్ళు. ఆ రోజు ఎండ తగ్గేదాకా ఎవరూ కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో కూడా అంతే. ఇద్దరు ముందు, ఇద్దరు పాత రోడ్డు మీద. తర్వాతి ఆదివారాల్లోనూ ఆ పద్ధతే నిలిచింది. కొన్ని వారాలు బేకరీవాడు జోరుగా తోలే వేరే గుంపుతో వెళ్ళేవాడు, చెప్పే వెళ్ళేవాడు. జువ్వ వేగం కొద్ది కొద్దిగా పెరిగింది గానీ, మునుపటిలా మాత్రం ఎప్పుడూ కాలేదు. కొత్తగా పరిచయమైనవాళ్ళకు ఆ పేరు ఎందుకు వచ్చిందో అర్థమయ్యేది కాదు.

ఆ మొదటి ఆదివారం ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్తగారు తలుపు తీసి, మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళబోయింది. అతను కుర్చీలో కూర్చుని ఎడం చెయ్యి తిప్పి చూసుకుంటున్నాడు.

"చెయ్యి నొప్పిగా ఉందండీ" అన్నాడు.

ఆవిడ ఆగింది. ఇన్ని రోజుల్లో అతను తన గురించి తానుగా ఆవిడకు చెప్పిన మొదటి మాట అదే. "ఏ చెయ్యి?"

"ఎడమది. నిదానంగా పోతే క్లచ్ వదలడానికి ఉండదు. పట్టుకుని పట్టుకుని..."

ఆవిడ నీళ్ళు కాచి, తువ్వాలు ముంచి పిండి తెచ్చింది. ఎప్పుడూ ఏదిచ్చినా బల్ల మీద పెట్టి వెళ్ళే మనిషి, ఈసారి ఎదురుగా కూర్చుని, తనే ఆ మణికట్టు చుట్టూ తువ్వాలు చుట్టింది.

"మరీ వేడిగా ఉందా?"

"ఉంది."

"తీసెయ్యనా?"

"వద్దు" అన్నాడు. "ఉండనివ్వండి."