నీళ్ళు పడితే పాడతానన్నాను

నాలుగు వందల ఎనభై అడుగుల దగ్గర బోరు లారీ ఆపరేటరు మిషను తగ్గించి, ఇక చాలా అన్నట్లు నా వైపు చూశాడు. అప్పటిదాకా తెల్లటి రాతి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పూత మీదున్న వేరుశెనగ, గట్టు మీది కంప, నా భార్య అక్కమ్మ తల, అన్నీ పిండి మిల్లులో నిలబడినట్లు తెల్లబడ్డాయి. ఇంకో రెండు రాడ్లు వెయ్యమని వేళ్ళు చూపించాను. నోటితో చెబితే వినిపించదు. ఆ మిషను మోత అట్లాంటిది.

ఆ మోతలోనే మొక్కుకున్నాను.

ఏమి ఇస్తాననాలో తోచలేదు. గొర్రెను ఇద్దామంటే నాకు గొర్రెల్లేవు. వేరుశెనగ కాయలు ఇద్దామంటే ఏటా ఇచ్చేవే. నాకు బాగా కష్టమైనది చెబితే తప్ప పైనున్నాయన నమ్మడనిపించింది. "ప్రభువా, నీళ్ళు పడితే ఆదివారం చర్చిలో నేనొక్కణ్ణే నిలబడి మా అమ్మ పాట పాడతా" అని గట్టిగానే అన్నాను.

రెండో రాడ్డు సగం దిగేసరికి దుమ్ము ఆగింది. బురద వచ్చింది. ఆ వెనకనే నీళ్ళు లారీ నెత్తికంటే ఎత్తుకు లేచాయి. అక్కమ్మ తడిసి ముద్దయి నవ్వుతోంది. నేనూ తడిశాను కానీ నవ్వు రాలేదు. ఆ రోజు మంగళవారం. ఆదివారానికి ఐదు రోజులే ఉన్నాయి.

మాది కుందుర్పి దగ్గర చిన్న ఊరు. చర్చికి రేకుల కప్పు. నా పదో ఏట క్రిస్మస్ నాడు అక్కడ నన్ను ఒంటరిగా పాడమని నిలబెట్టారు. అందరి కళ్ళూ ఒక్కసారి మీద పడేసరికి నోరు ఎండిపోయింది. పక్కనే కిటికీ ఉంది. దూకి పరుగెత్తాను. ముప్పై ఐదేళ్ళయింది, ఇప్పటికీ ఊళ్ళో నా పేరు కిటికీ ఎర్రప్ప. అందరూ కలిసి పాడేటప్పుడు కూడా నేను పెదవులు కదిలిస్తాను, అంతే.

ఒక్కచోట మాత్రం పాడతాను. చేనుకు మందు కొట్టేటప్పుడు. వీపు మీద పెట్రోలు మిషను ఉంటుంది. తాడు లాగితే చెవి పక్కనే మోటారు సైకిలు నడిచినంత మోత. నా గొంతు నాకే వినిపించదు. అందుకని పూర్తిగా వదిలి పాడతాను. మా అమ్మ కలుపు తీస్తూ తనే కట్టుకున్న పాట, మూడు చరణాలు. ఆమె పోయాక అది వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

మాట తప్పితే పడిన నీళ్ళు వచ్చిన దారినే పోతాయని భయం. పాడాలంటే అంతకంటే భయం. బుధవారం సాయంత్రం మా పాస్టరు విజయభాస్కర్ గారింటికి పోయాను. ఆయన వాకిట్లో కూర్చుని బండికి పంక్చరు వేసుకుంటున్నాడు.

"వందనాలయ్యా. బోరులో నీళ్ళు పడినాయి."

"విన్నా ఎర్రప్పా, దేవునికి స్తోత్రం. ఎన్ని ఇంచుల నీళ్ళు?"

"రెండు."

"బాగుండాదే! మరి మొగం అట్ల పెట్టుకున్యావేమి?"

మొక్కు సంగతి చెప్పాను. "పంట వచ్చినాక రెండు సంచులు చెనిక్కాయలు ఇచ్చుకుంటానయ్యా. ఆ పాట మాత్రం..."

"నువ్వు మొక్కింది కాయలా, పాటనా?"

"పాటే."

"అట్లైతే కాయలు ఎవరడిగినారప్పా?" ట్యూబును నీళ్ళ బేసిన్లో ముంచి బుడగల కోసం చూశాడు. "తెస్తే కాదనంలే. పాట మాత్రం ఆదివారానికి రాసుకుంటాండా."

ఇంటికొచ్చి అక్కమ్మతో చెబితే "పాడతావులే" అంది. నీకెట్ల తెలుసంటే సంగటి కెలుక్కుంటూ కూర్చుంది.

శనివారం ఇమ్మానుయేలును పట్టుకున్నాను. చర్చిలో మైకు, జనరేటరు చూసేది అతనే. చిన్నప్పుడు నేను కిటికీ దూకితే నా వెనక చెప్పులు తెచ్చి ఇచ్చింది కూడా అతనే.

"రేపు నేను పాడేటప్పుడు జనరేటరు కిటికీ బయట పెట్టి వెయ్యాల" అన్నాను.

"కరెంటు పోతే ఎట్లాగూ వేస్తాం కదన్నా."

"కరెంటు ఉన్యా వెయ్యాల."

"ఎందుకు?"

"మోత కావాల."

ఇమ్మానుయేలు నన్ను కిందికీ పైకీ చూశాడు. "అట్లనే. ఆ కిటికీకి ఊచలు పెట్టిచ్చినాము, గుర్తుండాదా? ఇప్పుడు దూకలేవు."

"బోరు కింద తొలి కాపు టమోటాలు నీకే."

"ఆఁ, అట్ల చెప్పు."

ఆదివారం వచ్చింది. చాపల మీద మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. కరెంటు ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. "మన ఎర్రప్ప మొక్కుబడి పాట" అని పాస్టరు పిలిచాడు. వెనక నుంచి ఎవరో "కిటికీ చూసుకోండప్పా" అన్నారు. నేను లేచి ముందుకు పోయాను. మైకు వద్దన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కిటికీ బయటికి చూసి తల ఊపాను.

ఇమ్మానుయేలు తాడు లాగాడు. మూడోసారికి అందుకుంది. ఫ్యాన్లు తిరుగుతుంటే జనరేటరు ఎందుకో అర్థంకాక పాస్టరు పైకీ కిటికీ వైపుకీ మార్చి మార్చి చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ మోత చెవిన పడగానే వీపు మీద మిషను ఉన్నట్లే భుజాలు సర్దుకున్నాయి.

"బీడు పడిన చేను నేను, వానజల్లు నీవయ్యా..."

చేన్లో వదిలినట్లే వదిలాను. మొదటి చరణం చివరికి వచ్చేసరికి జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నా గొంతు రేకులకు తగిలి తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఎవరిదో గొంతు అనుకున్నాను. నాదే.

కళ్ళు తెరిచాను. అందరూ నన్నే చూస్తున్నారు. నోరు ఎండిపోయింది. బయట ఇమ్మానుయేలు తాడు లాగుతూనే ఉన్నాడు, అది అందుకోవడం లేదు. నా కాళ్ళు వాటంతట అవే కిటికీ వైపు తిరిగాయి. ఊచలు.

గోడకు ఆనుకుని కూర్చున్న రామక్క, మా వైపు చేలల్లో కలుపు తీయడానికొచ్చే పెద్దామె, చెయ్యి ఆడించింది. "ఏమప్పా, నిలిపితివే? రెండో చరణం ఎత్తుకో. మాకు అదే ఇష్టం."

నాకు అర్థం కాలేదు. "రెండో చరణం నీకెట్ల తెలుసు రామక్కా?"

"తెలీకేమి! పక్క చేన్లో కలుపు తీస్తాంటాం కదా. నువ్వు మందు కొట్టే దినం మాకు పొద్దు పోయేదే తెలీదు."

"ఆ మిషను మోతలో వినిపిస్తాదా?"

"మిషను నీ వీపు మీద కదప్పా ఉండేది, మా వీపు మీదనా?"

రేకులు ఎగిరేటట్లు నవ్వారు. పాస్టరు పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు. అక్కమ్మ వైపు చూశాను. తల వంచుకుని చాప పుల్లలు లాగుతోంది.

"నువ్వు కూడా వినింటివా?"

"ఏండ్ల నుంచీ."

"చెప్పలేదే?"

"చెప్పింటే పాడుతుంటివా?"

ఇక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎండిన నోటితోనే రెండో చరణం ఎత్తుకున్నాను. మొదటి వరుస వణికింది. రెండో వరుసకు గొంతు కుదిరింది. కలుపుకొచ్చే ఆడవాళ్ళు నలుగురూ నాతోపాటు అందుకోబోయారు. చేనుకూ చేనుకూ మధ్య గాలికి పోయిన మాటల దగ్గర వాళ్ళ సొంత మాటలు పెట్టుకున్నట్లున్నారు. అక్కమ్మ వాళ్ళను గదమాయించింది. "ఒక్కణ్ణే పాడతానని మొక్కినాడు, నోరు మూసుకోండి!"

వాళ్ళు నోరు మూసుకుని పెదవులు మాత్రం కదిలించారు, నేను ఇన్నేళ్ళూ చేసినట్లు. మూడో చరణం అయ్యేదాకా కిటికీ సంగతి నాకు గుర్తు రాలేదు.

బయటికి రాగానే ఇమ్మానుయేలు నూనె చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "నిన్న నా బండిలో పెట్రోలు లేక జనరేటర్లోది పోసుకుంటిని. ఒక గ్లాసే మిగిలినట్టుండాదన్నా. టమోటాలు ఉండాయా, పోయినాయా?"

"ఉండాయిలే" అన్నాను.

పది రోజుల తర్వాత చేనుకు మందు కొట్టాల్సి వచ్చింది. బోరు నీళ్ళకు ఆకు పచ్చబడింది. మిషను వీపుకెత్తుకుని తాడు లాగాను. పక్క చేన్లో ఆడవాళ్ళు నడుములెత్తి నా వైపు చూశారు. చూడనట్లే తల వంచుకుని మొదలుపెట్టాను. రెండో చరణం కాగానే మందు అయిపోయింది, మిషను ఆపాను. ఇంకో చరణం ఉంది. ఖాళీ మిషను మోసుకుని బోరు దాకా గట్టు మీద నడుస్తూ అది కూడా పాడేశాను.